ఇంటి బండి మీద పొడుగు బరువు



“ఓడలు బండ్లు, బండ్లు ఓడలు” అను సామెతను మన పెద్దలు భాగ్యముల తారుమారును చెప్పుటకు వాడుచుందురు. నేలపై ఓడ బండి నెక్కును. నీటిపై బండి ఓడ నెక్కును. ఆ వేదాంతము నటుంచి లౌకికదృష్టితో చూచినయెడల ఈ మాటలో మరియొక విశేషము గలదు. ఓడ మిక్కిలి పొడవు; బండి మిక్కిలి కురుచ. అట్టి కురుచ బండిపై అట్టి పొడుగు వస్తువును నిలిపి, త్రోవలో జారకుండ, ఎదురు వచ్చువానికి తగులకుండ, గమ్యము చేర్చిన బండివాడెవడో గాని, వాని నేర్పును గూర్చి సామెత యేమియు చెప్పదు. నేడు నేను ముచ్చటింపబోవునది ఆ నేర్పును గూర్చియే.

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఎడ్లబండ్లు అరుదైనవి. వాని స్థానమున ట్రాక్టరులును, మోటారు సైకిళ్ళును, ఇటీవల ఎత్తైన కుటుంబపు కార్లును వచ్చినవి. ఈ కార్లను పిల్లలు “ఎస్‌యూవీ” అని పిలుచుచున్నారు. పెనుకొండ చేరువనున్న ఎర్రమంచి యొద్ద 2019వ సంవత్సరమున కియా కర్మాగారమునుండి ఈ జాతి కార్లు వెలువడ నారంభించినవి. ఒకప్పుడు వేరుసెనగ పండిన నేలలోనే నేడు కార్లు పుట్టుచున్నవని మనవారు కొంత గర్వముతోడనే చెప్పుకొందురు. కారు ఇంటికి వచ్చిన పిదప అది మనుష్యులను మోయుటతో ఊరకుండదు. పందిరికి వెదుళ్ళు, తోటకు గొట్టములు, మిద్దెకు నిచ్చెన, మగ్గమునకు కొయ్యలు, ఇట్టి పొడుగు వస్తువులన్నియు దాని కప్పుమీది కెక్కుచున్నవి. “టాపు ఖాళీగా నున్నది గదా, అద్దె బండి యెందుకు?” అన్న మాట ప్రతి యింటను వినబడుచున్నది.

ఆ మాట వినుట మనకు క్రొత్త కాదు. మన యౌవనమున బస్సులకు వెనుక నిచ్చెనయు, పైన ఇనుప కటకటాలును ఉండెడివి. చింతపండు మూటలు, బెల్లపు బుట్టలు, మేకలు, మంచములు, నాగళ్ళు అన్నియు బస్సు పైకెక్కి సంతకు పోయెడివి. ఆ జ్ఞాపకముచేత మనకు మోటారుబండి కప్పన్నచో సరకులు పెట్టుకొను అటకయే యని తోచును. అయితే బస్సు కప్పు వేరు, కారు కప్పు వేరు. బస్సు బరువైనది, దాని కటకటాలు మూటలు మోయుటకే కట్టబడినవి. కారు కప్పన్ననో, ఎండవానలు తగులకుండ కూర్చున్నవారిని కాపాడుటకును, బండి బోర్లపడిన వేళ వారి తలలు నలగకుండ నిలుచుటకును చేయబడినది. ఈ భేదము తెలియక నేను చేసిన ఒక తప్పును మొదట మీకు విన్నవించుకొందును. అన్యుల తప్పులు చెప్పుట సులభము. స్వంత తప్పు చెప్పినచో విన్నవారికి నమ్మకము కలుగును.

నాలుగేండ్ల క్రిందట మా మనుమరాలి వివాహము నిశ్చయమైనది. పందిరికి వెదుళ్ళు కావలసి, నేనును మా అల్లుడును హిందూపురము వెళ్ళి పదునెనిమిది అడుగుల బొంగులు పండ్రెండు కొంటిమి. మా అల్లుని కారు పొడవు పదునాలుగు అడుగులు మించదు. అద్దె ఆటోవాడు అడిగిన కూలి నాకు ఎక్కువగా తోచినది. “నలుబది యేండ్లు బడిపంతులుగా లెక్కలు చెప్పినవాడను, ఈ మాత్రము కట్టుకొనలేనా?” అని, బొంగుల కట్టను కప్పుపై పెట్టించి, నడుమ రెండుచోట్ల నైలాను త్రాటితో బిగించి, వెనుక కొనకు నా యెఱ్ఱ తువాలు కట్టి బయలుదేరితిమి.

సోమందేపల్లి దాటి పెద్దరోడ్డుమీద పెనుకొండవైపు వచ్చుచుండగా, ఒక వాలులో గొఱ్ఱెల మంద త్రోవ కడ్డముగా దిగినది. మా అల్లుడు బ్రేకు త్రొక్కెను. కారు నిలిచినది, వెదుళ్ళు నిలువలేదు. త్రాళ్ళు తెగలేదు, ముళ్ళు విడలేదు. అయినను నునుపైన బొంగులు ఆ కట్లలోనుండియే బాణములవలె ముందునకు జారి, కారు ముక్కును దాటి, మంద వెనుక నున్న కాపరి రొమ్మునకు జానెడు దూరమున నిలిచినవి. ఆ జానెడు మా ప్రజ్ఞ కాదు, దైవకృప. నేను వణకుచు దిగి క్షమింపుమని వేడుకొంటిని. ఆ ముసలి కాపరి కొంతసేపు కట్టువైపు చూచి యిట్లనెను: “గొర్రెను బుజాన ఏసుకుంటే ముందరకాళ్లూ ఎనకకాళ్లూ పట్టుకుంటాం గదా సామీ. నడుం పట్టుకుంటే నిలుస్తాదా?”

న్యాయశాస్త్రము చదివిన నాకు ఆ దృష్టాంతము తట్టలేదు. అక్షరము రానివానికి తట్టినది. నేటి నా ప్రసంగమంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే యని గ్రహింపుడు.

కప్పుపై నుంచిన వస్తువునకు శత్రువులు మూడు: బ్రేకు, గాలి, ఎత్తు. ఇంటి ముందర బండి నిలిచియుండగా ఈ మూటిలో ఒక్కటియు కనబడదు. అందుచేతనే మనము మోసపోవుదుము. కదలని బండిపై వస్తువు తన బరువుచేతనే కుదురుగా నుండును. కట్టును కొంచెము లాగి చూచి, “కదలుట లేదు, పోనిమ్ము” అందుము. కట్టవలసినది నిలిచిన వస్తువును గాదు, పరుగెత్తు వస్తువును.

మొదటి శత్రువు బ్రేకు. పరుగిడు వస్తువు తన పరుగును తానై మానుకొనదు. బండిని చక్రములు ఆపును; బండిపై నున్న దానిని కట్టు మాత్రమే ఆపవలయును. మంచి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినచో, కప్పుమీది సరకు తన బరువులో ముప్పాతిక వంతు బలముతో ముందునకు త్రోయును. 60 కిలోల కట్ట యైనచో, 45 కిలోల మనిషి వెనుకనుండి కాళ్ళు తన్నిపెట్టి నెట్టినట్లని యెంచుకొనుడు. క్రిందికి నొక్కి కట్టిన త్రాడు ఈ నెట్టునకు నేరుగా అడ్డుపడదు. రాపిడివలన మాత్రమే కొంత ఆపును. నునుపు వెదురునకు, నునుపు గొట్టమునకు ఆ రాపిడి మిక్కిలి తక్కువ.

రెండవ శత్రువు గాలి. గాలి బలము వేగముతో సమముగా పెరుగదు. వేగము రెట్టింపైనచో గాలి బలము నాలుగింతలగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున, ఎదురుగా నిలిచిన పలకపై చదరపు మీటరునకు సుమారు ఏడున్నర కిలోల బరువంత ఒత్తిడి యుండును. 80 కిలోమీటర్ల వేగమున అదియే 30 కిలోలగును. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ చెక్క వైశాల్యము ఇంచుమించు మూడు చదరపు మీటర్లు. దానిని పరుండబెట్టి కట్టినను, ముందరి అంచు కొంచెము పైకి లేచినచో గాలి దాని క్రింద దూరి, చేటలోని పొట్టును వలె పైకెత్తును. అట్టి యెత్తుడు బలము పెద్దరోడ్డు వేగమున ఆ చెక్క బరువును మించుటయు కలదు. తలుపు రెక్క, రేకు, పరుపు, నీటి తొట్టి, ఇవన్నియు ఈ జాతివే. “బరువైనదే, ఎగురదులే” అనుట సరికాదు. బరువునుబట్టి కాదు, వెడల్పునుబట్టి గాలి పనిచేయును.

మూడవ శత్రువు ఎత్తు. వేరుసెనగ కట్టెను బండిపై కొండవలె నెక్కించి పల్లపు త్రోవలో మలుపు తిప్పిన అనుభవము మీలో ననేకులకు గలదు. బరువు నేలకు దగ్గరగా నున్నచో బండి కుదురుగా నుండును. పైకి పోయినకొలది బోర్లపడుటకు చూచును. ఈ కుటుంబపు కార్లు స్వభావముచేతనే ఎత్తైనవి. కప్పుపై మరికొంత బరువు పెట్టినచో, మలుపులో అవి ప్రక్కకు వాలుట హెచ్చును. తటాలున ప్రక్కకు త్రిప్పినచో మరియు ప్రమాదము. కావున పైన బరువున్న నాడు ఎడ్లబండి మలుపును మనస్సున నుంచుకొని మెల్లగా తిరుగవలయును.

ఇక కప్పు ఎంత మోయగలదని ప్రశ్న. దీనికి ఊహ పనికిరాదు. కారుతో ఇచ్చిన పుస్తకములో కప్పు బరువునకు మితి వ్రాయబడియుండును. ఒక్కొక్క కారునకు ఒక్కొక్క మితి. తఱచుగా 50 నుండి 100 కిలోల నడుమ నుండును. ఇందులో నొక మెలిక గలదు. ఆ మితిలో సరకు మాత్రమే కాదు, దానిని మోయు ఇనుప కారియరు బరువుకూడ చేరియుండును. మితి 75 కిలోలనుకొని, కారియరు 15 కిలోలైనచో, మీకు మిగిలినది 60 కిలోలే. మరియొక మెలిక: కప్పుకు ఇరుప్రక్కల నిగనిగలాడు కడ్డీలన్నియు బరువు మోయునవి కావు. కొన్ని కార్లకవి కేవలము అలంకారములు. నగిషీ చెక్కిన మంటపములో స్తంభములన్నియు కప్పును మోయుచుండవని లేపాక్షిలో వ్రేలాడు స్తంభమును చూచినవారికి చెప్పనవసరము లేదు. మీ కడ్డీలు మోయునవియో, శోభకై పెట్టినవియో పుస్తకములో చూచుకొనుడు. పుస్తకములో వ్రాయకున్నచో, అవి శోభకే యని యెంచుకొనుట క్షేమము.

ఇప్పుడు కట్టు విధానము. మొట్టమొదట కప్పునకు అడ్డముగా రెండు దృఢమైన బద్దెలుండవలయును. అవి ఒకదానికొకటి వీలైనంత దూరముగా నుండవలయును. వానిపై గోనెయో రబ్బరో పరచినచో జారుట తగ్గును. పిదప సరకును ముందుగా కట్టగా బిగింపుడు. పెక్కు గొట్టములను ఒక్కటిగా కట్టునప్పుడు పైనున్నవి పట్టుబడును గాని నడుమనున్నది జారిపోవును; కావున త్రాటిని ఒక్కొక్కదాని చుట్టును త్రిప్పి, మూడుచోట్ల అల్లి కట్టవలయును. కొనలకు గోనెసంచి తొడిగి బిగించినచో లోపలిది వెలుపలికి రాదు.

తరువాత ఆ కట్టను రెండు బద్దెలకు వేర్వేరుగా కట్టవలయును. ఒకే త్రాడు అంతటను చుట్టినచో ఒక్కచోట సడలిన అంతయు సడలును. త్రాడు విషయమున జాగ్రత్త వహింపుడు. నైలాను త్రాడు బలమైనదే గాని లాగినకొలది సాగును. వెడల్పైన నవారు వంటి పట్టీలు, బిగింపు మరతో సహా అంగళ్ళలో దొరకును. అవి తక్కువ సాగును, సరకును కోయవు. పట్టీని చదునుగా వదలినచో గాలికి బుఱ్ఱుమని మ్రోగుచు అదరును. ఒక్క మెలి త్రిప్పి కట్టినచో ఆ చప్పుడు పోవును. మిగిలిన కొనలను వ్రేలాడనీయక ముడిచి దోపవలయును. లేనిచో అవి చక్రములలో చిక్కును.

ఇంతవరకు చెప్పినది గొఱ్ఱె నడుము పట్టుటయే. ఇక కాళ్ళు పట్టవలయును. కట్ట ముందరి కొననుండి ఎడమకు ఒక త్రాడు, కుడికి ఒక త్రాడు దించి, కారు ముందుభాగమున లాగుడు కొక్కెమునకు, లేక క్రింది దృఢమైన లోహభాగమునకు కట్టవలయును. అట్లే వెనుకను చేయవలయును. వెనుక కట్లు సరకును ముందునకు జారనీయవు. ముందు కట్లు వెనుకకు జారనీయవు, గాలికి లేవనీయవు. ఇరుప్రక్కల కట్లు ఊగనీయవు. తలుపు పిడికి గాని, ప్రక్క అద్దమునకు గాని, ప్లాస్టిక్ భాగమునకు గాని ఎన్నడును కట్టరాదు. కట్టిన పిదప సరకును పట్టి ఊపినచో సరకు కాదు, బండియే ఊగవలయును. అదియే పరీక్ష. బయలుదేరి రెండు మూడు కిలోమీటర్లు పోయి, నిలిచి, కట్లన్నియు మరల బిగింపవలయును. ఏలయనగా క్రొత్త కట్టు మొదటి కుదుపులలోనే సడలును. వేగము గంటకు 50 కిలోమీటర్లు మించకుండుట మేలు.

ఇన్ని చేసినను చాలని విషయమొకటి గలదు. అది పొడవు. నాలుగు మీటర్ల లోపు పొడవుగల కార్లకు మన దేశమున పన్ను తక్కువ. అందుచేత చిన్న ఎస్‌యూవీలు అనేకము ఆ కొలతలోనే యుండును. గొట్టము పొడవు తఱచుగా ఆరు మీటర్లు. ఇంటికి వాడు ఇనుప కమ్మి పండ్రెండు మీటర్లు. దానిని నడుమకు వంచినను ఆరు మీటర్లు. ఆరులోనుండి నాలుగు పోగా మిగిలిన రెండు మీటర్లు ఎక్కడ నుండును? రోడ్డుమీద, వెనుక వచ్చు మోటారు సైకిలువాని ముఖమునకు సరిగా నుండును. రాత్రివేళ వెనుకకు పొడుచుకొని వచ్చిన కమ్మి, దీపపు వెలుగులో ఒక చుక్కవలె కనబడునే గాని కమ్మివలె కనబడదు. దూరము తెలియదు. తెలిసినప్పటికి ఆలస్యమై పోవును.

పూర్వము సరకు బండ్లకు వెనుకవైపు ఒక మీటరు మేర సరకు పొడుచుకొని యుండుటకు నిబంధనలలో వెసులుబాటుండెను. అట్టి కమ్మీల వలన ప్రాణములు పోవుచుండుట చేత 2014వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఆ వెసులుబాటును తొలగించెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించినప్పుడు, సరకు మితిమీరి ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, ఎత్తునకు గాని పొడుచుకొని వచ్చినచో 20,000 రూపాయల జరిమానాయు, ఆ సరకును దింపించు బాధ్యతయు 194వ సెక్షనులో చేర్చిరి. కావున ఎఱ్ఱగుడ్డ కట్టినచో దోషము పోవునని మనము నమ్మునది కేవలము భ్రమ. నా యెఱ్ఱ తువాలు వెనుక రెపరెపలాడుచుండగానే వెదుళ్ళు ముందునకు దూకినవి గదా. గుడ్డ హెచ్చరికయే గాని కట్టు కాదు, అనుమతియు కాదు.

మరి పొడుగు వస్తువును తెచ్చుకొనుట యెట్లు? మూడు మార్గములు కలవు. వానిని మన ప్రాంతమే మనకు నేర్పుచున్నది.

మొదటిది, చుట్టుట. ధర్మవరము నేతగాండ్రను చూడుడు. పట్టుచీరల పడుగు ఎంత పొడవు! పలు చీరల నేతకు సరిపడు ఆ పోగులను సాచినచో వీధి పొడవునను పరచుకొనును. అయినను నేతగాడు దానిని చుట్టి చంకన పెట్టుకొని పోవును. చుట్టబడు వస్తువునకు పొడవొక బాధ కాదు. తోటకు నీటిగొట్టము కావలసినచో, చుట్టలుగా దొరకు నల్లగొట్టము పనికివచ్చునేమో ముందుగా విచారింపుడు.

రెండవది, కోయుట. ఆరు మీటర్ల గొట్టమును అంగడిలోనే మూడేసి మీటర్లుగా కోయించి, ఇంటివద్ద అతుకు వేసికొనవచ్చును. పందిరి వెదురును కావలసిన కొలతకే కోయించి తేవచ్చును. నాకు కావలసినది పండ్రెండడుగుల గుంజలే; పదునెనిమిదడుగులవి తెచ్చి ఇంటివద్ద ఆరేసి అడుగులు కోసి పారవేసితిని! కొలత కఱ్ఱ ఇంటనే మరచి, కాపరి ప్రాణముతో చెలగాటమాడితిని.

మూడవది, వస్తువును తెచ్చుటకు మారుగా పనినే వస్తువు కడకు తీసికొనిపోవుట. లేపాక్షి బసవన్న ఏకశిల. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అంతటి విగ్రహమును ఎక్కడనో చెక్కి బండి కెక్కింపవలెనని శిల్పులు తలపలేదు; రాయి యున్న చోటికే ఉలి నడచినది. వడ్రంగి నడితికి పోయి, దూలమును అక్కడనే కోయించి అమర్చు ముక్కలను చేయించుకొనుట ఇట్టిదే.

ఈ మూడును పొసగనప్పుడు ఆ పొడవునకు తగిన బండిని అద్దెకు పిలువవలయును. నలుగురు ఇరుగుపొరుగువారు కలసి ఒకేసారి సరకు తెప్పించుకొన్నచో ఒక్కొక్కనికి పడు కూలి స్వల్పము. నేను మిగుల్చుకొనదలచిన ఆటో కూలి ఎంతయో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ కాపరి రొమ్మునకును వెదురు కొనకును నడుమ నున్న జానెడు మాత్రము నేటికిని కన్నులకు కట్టినట్లున్నది.

గ్రామపు పెద్దలారా, బండి నడుపువారు మన కుమారులు, మనుమలు. సరకు తెమ్మని పురమాయించువారము మాత్రము తఱచుగా మనమే. “దగ్గరే గదా తాతా, టాపుమీద వేసికొని వచ్చెదము” అని పిల్లవాడన్నప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. సరకు పొడవు బండి పొడవును మించినదా? బరువు పుస్తకములో వ్రాసిన మితిలో నున్నదా? ముందు వెనుకల కాళ్ళు పట్టితివా? ఈ మూటిలో ఏ ఒక్కదానికి సరియైన సమాధానము రాకున్నను, “దింపుము నాయనా” అనుడు. పెండ్లి పందిరి ఒకనాడు ఆలస్యమైనచో ముహూర్తము తప్పదు. రోడ్డుమీద నడచువాడు కూడ ఒక యింటి యజమానుడు. వానికొఱకును ఎవరో గడపలో ఎదురుచూచుచుందురు.